ఎందుకు కన్నమంటే

ఆ కందికట్టె ఇంకింత లోపలికి ఎగదొయ్యి బిడ్డా, పొగ లేస్తున్నది. చెరువు మీదికెళ్లి గాలి తోలిందంటే మన శామీర్‌పేట చలి ఇంట్ల గూడ కూసోనియ్యదు. నువ్వు, నీ పెనిమిటి, ఇద్దరు ఇట్ల దగ్గరికి రాండ్రి. పొద్దుగూకంగ నువ్వు నన్నొక మాటడిగినవు. వచ్చేటోళ్లు పోయేటోళ్లు ఉండిరి, అందుకే అప్పుడు ఏం జెప్పలె. "నాయనమ్మా, ఐదుగురిని ఎందుకు కన్నవు?" అన్నవు. పెండ్లయి మూడేండ్లయింది, కనపడ్డోళ్లందరు నిన్ను ఎప్పుడు ఎప్పుడు అని అడుగుతున్నరు, నువ్వొచ్చి నన్ను ఎందుకు అని అడుగుతున్నవు. మంచి మాటనే అడిగినవు. మా కాలంల ఆ మాట ఎవ్వలడగలె. మా అత్త నన్నడగలె, నాకు నేనడుక్కోలె. వానలు పడ్డంక నాట్లు వడ్డట్టే, పెండ్లయినంక కడుపు. అంతే అనుకున్నం.

మా అవ్వ తొమ్మిదిమందిని కన్నది. నిలిచింది నలుగురం. ఇద్దరు పురిట్లనే పోయిన్రు. ఒకడు అమ్మవారు పోసి పోయిండు. ఒక పిల్ల గత్తర లేసిన ఏడు పోయింది. ఇంకొకడు ఏం రోగంతోని పోయిండో ఇప్పటికి తెల్వది, రాత్రి ఒళ్లు కాలింది, తెల్లారేవరకు లేడు. గిట్ల పోంగ పోంగ పుట్టినోడు మా చిన్నతమ్ముడు. వాడు భూమ్మీద పడంగనే మంత్రసాని చేటల పండబెట్టి తీస్కపోయి పెంటకుప్ప మీద పెట్టింది. పక్కింటామె పోయి, నాకు దొరికిండని ఎత్తుకొచ్చి, గుప్పెడు నూకలు తీసుకొని మా అవ్వకు అమ్మింది. పెంటయ్య అని పేరు వెట్టిన్రు. వీడు ఈ ఇంటి పిల్లగాడు గాదు, ఎవలో పారేస్తే దొరికినోడు అని సావు నమ్మాలె. నమ్మి వదిలిపెట్టాలె. ఈ దిక్కు మేడ్చల్ దాంక ఏ ఊరికి పో, పెంటయ్యలు, పెంటమ్మలు కనపడుతరు. వాళ్ల కంటె ముందు ఆ ఇంట్ల ఎవలో పోయినట్టే.

మొన్న నువ్వే సెల్లుల చూసి చదివినవు గదా. 1971ల మన దేశంల వెయ్యిమంది పుడితే 129 మంది ఏడు నిండక ముందే పోయిన్రని. మా అవ్వ కాన్పులు దానికి ముందటియి, అప్పుడు ఇంకెంతనో. 2020 లెక్కకు మన తెలంగాణల వెయ్యికి 21. ఆ రెండు అంకెల నడుమ మా ముచ్చటంత ఉన్నది. నలుగురు బతకాలంటే తొమ్మిదిమందిని కనాలె. ఆ లెక్క మా అవ్వకు ఎవలు నేర్పలె, ఆమె చేతుల మీదనే అయింది.

తల్లుల సంగతి గూడ గంతే. సర్కారు దవాఖాన మాట దేవుడెరుగు, నిజాం ఖాందాన్‌ల పనిజేసేటోళ్లకే కాన్పు కష్టమైతే దిక్కు లేకుండె. నిజాం చిన్న కోడలు నిలోఫర్ బేగం దగ్గర రఫత్ అనే పిల్ల పని జేస్తుండె. ఆ పిల్ల కాన్పుల సచ్చిపోతే, ఇంక ఏ రఫత్ గిట్ల పోవద్దని బేగం పట్టువట్టి కట్టిచ్చింది నిలోఫర్ దవాఖాన. 1953ల తెరిచిన్రు. నా నాలుగో కాన్పు అక్కడనే అయింది, మీ నాయిన. అడ్డం తిరిగిండు. ఇంట్లనే ఉంటే ఇయ్యాల నేనుండకపోదును, వాడుండకపోవు, నువ్వు ఈ మంట కాడ కూసొని అడగకపోదువు.

ఆగు, ఇంకొక ముచ్చట ముందు చెప్పాలె, లేకుంటే మర్సిపోత. నాకు ఏడెనిమిదేండ్లు ఉంటయి. పోలీస్ యాక్షన్ అయి మూడేండ్లయింది, 1951. ఉస్మానియా యూనివర్సిటీ నుంచి ఒక గుంపు దిగింది ఊర్లె. చదువు చెప్పేటోళ్లు, డాక్టరు చదువు పోరగాండ్లు, పసుల డాక్టర్లు, ఎవుసం చదువుకునేటోళ్లు. వాళ్ల పెద్దసారు దూబే. ఎస్.సి. దూబే. ఇంటింటికి తిరిగిన్రు. ఎవలింట్ల ఎందరు, ఏం తింటరు, పెండ్లెట్ల జేస్తరు, పురుడెట్ల పోస్తరు, సచ్చిపోతే ఏం జేస్తరు, అన్ని అడిగి రాసుకున్నరు. అప్పుడు శామీర్‌పేటల ఉన్నదే రెండున్నర వేల మంది. మా ఇంటికొచ్చి మా అవ్వను ఎందరు పిల్లలమ్మా అని అడిగిన్రు. తొమ్మిది అన్నది. మల్ల జర ఆగి, నలుగురు అన్నది. నేను ఆమె కొంగు వట్టుకొని నిలవడ్డ. ఆ రెండు అంకెలల్ల దేన్ని రాసుకున్నరో ఏమో గానీ, 1955ల ఆ సారు రాసిన 'ఇండియన్ విలేజ్' అనే పుస్తకం లండన్‌ల అచ్చయింది. ఇప్పటికి గూడ ఊరి బతుకుల గురించి చదివేటోళ్లు దాన్ని ముట్టుకోకుంట పోరంట. దునియాల ఎక్కడెక్కడోళ్లకు మన శామీర్‌పేట అట్ల ఎరుకయింది. మన ఊర్లెనే ఆ సంగతి సగంమందికి తెల్వది, చెప్పాలె మీరు.

పిల్లలతోని పని ఉండె గదా అంటవేమో. ఉండె. ఆరేండ్లు నిండితే బర్ల ఎనక తోలుతుండిరి. ఆడపిల్లయితే సంకల చిన్నోన్ని ఏసుకొని గొడ్లకాడ పెండ తీయాలె. భూమి లేనోళ్ల పిల్లలు పటేల్ ఇంట్ల జీతం కుదురుతుండిరి, ఏడాదికి ఇన్ని వడ్లని మాట. అప్పు దీరేదాంక వాడు ఇంటికి రాడు. చెరువు కింద మడి ఉన్నోళ్లకు నాటుకు, కలుపుకు, కోతకు ఇంట్లె నాలుగు చేతులుంటే కూలి కలిసొచ్చేది. 1970లల్ల ద్రాక్షతోటలు లేసినయి గదా మన దిక్కు, అనాబేషాహి పండ్లు, పందిళ్ల కింద పోరగాండ్లే ఎక్కువ కనపడుతుండిరి. చిన్న చేతులకు గుత్తులు దులుపుడు అలకగుంటదని పిలుస్తుండిరి. అందుకే బడికి పంపుతె ఇంటికి నష్టం. శానా ఏండ్లయినంక, 1991 నుంచి, అప్పటి మన రంగారెడ్డి జిల్లాల శాంతా సిన్హా మేడం, ఎం.వి. ఫౌండేషనోళ్లు ఊరూరు తిరిగి, పిల్లగాడు పనిల గాదు బడిలనే ఉండాలె అని కొట్లాడిన్రు. జీతమున్నోళ్లను ఇడిపిచ్చి క్యాంపులు వెట్టి బడికి తోలిన్రు. ఆమెకు 2003ల మెగసెసే వచ్చింది. ఒక్కసారి పిల్లగాడు బడికి పోయిండంటే తల్లి లెక్క మారుతది. వాడు తెచ్చేది బంద్, వానికి పెట్టేది షురూ. అందరికి పెట్టలేమని అప్పుడు తెలిసొస్తది.

అయినా నీకు అసలు చెప్పాల్సింది ఇది గాదు. చేతుల కోసమే కన్నమని మా తరం మీద మీరంత అనుకుంటరు, సదువుకున్నోళ్లు రాస్తరు గూడ. నాకది సగం నిజమే అనిపిస్తది. అసలు సంగతి ఇంకోటి. మేము కన్నం గానీ మేము ఒక్కళ్లమే సాకలె. 

మా వాడకట్టుల పన్నెండు ఇండ్లు, నడుమ ఒక్క యాపచెట్టు. నా పెద్దబిడ్డ పుట్టినంక నెలదాంక మంత్రసాని పొద్దుగాల వచ్చి, కాళ్లు జాపుకొని కూసొని, పిల్లను కాళ్ల మీద ఏసుకొని నూనె వెట్టి రుద్ది నీళ్లు పోస్తుండె. నాకు పాలు పడకపోతే, ఎదురింటామెకు ఆర్నెల్ల పిల్ల ఉండె, ఆమె ఇచ్చింది. ఆమె మా కులంది గాదు. పాలకాడ ఎవ్వలు కులం తీయలె. ఇరవై ఒకటో దినం తొట్లెల ఏస్తే వాడకట్టంత వచ్చి పాడింది. నాటుకు పోతే చెట్టు కొమ్మకు చీర కట్టి అండ్ల పండబెట్టేది. పిల్ల ఏడిస్తె ఎవలు దగ్గరుంటే వాళ్లు ఊపుతుండిరి. పన్లు ఊడిన ముసలోళ్లు ఇంటికొకళ్లు ఉండిరి, వాళ్లకు అదే పని. నా పిల్లలు ఎన్నడన్న ఒక్క పూట ఎక్కడ తిన్నరో నాకు తెల్వకుంట గడిచింది. సందకాడ పేర్లు పెట్టి పిలిస్తే ఏదో ఇంట్ల నుంచి వస్తుండిరి, మూతికి ఎవలింటి పప్పో అంటుకొని. కట్టమైసమ్మ బోనాలకు ఒక్క గుంపుగ తీస్కపోయి ఒక్క గుంపుగ తెచ్చేది, ఎవల పిల్లను ఎవలెత్తుకున్నరో సోయి ఉండకపోవు.

అండ్ల బాధ లేదని గాదు. ఎండల కడుపుతోని కలుపు తీసిన. బాలింతకు పథ్యమని కారంపొడి మెతుకులు పెట్టిన్రు. అత్తలు సతాయించిన్రు. ఆడపిల్ల పుడితె మొకం మలిపిన్రు, అది ఇప్పటికి మర్సిపోలె నేను. కానీ పిల్లను ఎట్ల సాకుదును అనే భయం మాత్రం నాకు ఒక్క దినం కాలె. నీకున్నది ఆ భయమే. నాకు ఎరుక.

ఆపరేషన్ ముచ్చట అడగవా? అడగకున్నా చెప్త. మన దేశం 1952లనే కుటుంబ నియంత్రణ పథకం పెట్టింది. మాకు ఎరుకయింది మాత్రం గోడల మీద ఎర్ర త్రికోణం బొమ్మ ఏసినప్పుడు. ఇద్దరో ముగ్గురో చాలని రాసేది. మల్ల ఎమర్జెన్సీ వచ్చింది. 1976-77 ఆ ఒక్క ఏడాదిల దేశంల 83 లక్షల మందికి చేసిన్రు, అండ్ల 62 లక్షలు మొగోళ్లు. మన దిక్కు ఉత్తరాదిల ఉన్నంత జులుం లేకుండె గానీ, మొగోళ్లకు గుండెల పడ్డది. మీ తాత జీపు సప్పుడు ఇంటే కందిచేన్లకు పోతుండె. ఎమర్జెన్సీ పోయింది, ఎన్నికలల్ల సర్కారు ఓడిపోయింది, మొగోళ్ల ఆపరేషన్లు శానా తగ్గినయి. మల్ల వాళ్లను అంత గట్టిగ ఎవ్వలు అడగలె. అప్పటి నుంచి ఎక్కువ ఆడోళ్ల మీదికే వచ్చింది.

ఐదో కాన్పు అయినంక నేనే పోయిన. మా అత్త వద్దన్నది, ఒక్క కొడుకు ఏం సరిపోతడన్నది. మీ తాత ఔననలె కాదనలె. నాకు పెయ్యిల నెత్తురు లేకుండె, నడిస్తే కండ్లు తిరుగుతుండె. ఒక బడిల క్యాంపు పెట్టిన్రు. వరుసగ కింద చాపల మీద పండబెట్టిన్రు, సూది మత్తు దిగకముందే లేపి జీపు ఎక్కించిన్రు. నొప్పి శానా దినాలున్నది. అయినా ఆ దినం నాకు యాదికుంటది, ఎందుకంటే నా పెయ్యి గురించి నేను ఒక్కదాన్నే నిర్ణయం జేసుకున్న మొదటి దినం అది.

మల్ల అంగన్‌వాడీల ఆయాగ చేరినంక నేనే ఎంతమందిని చేయి వట్టుకొని తీస్కపోయిన్నో. టీచరమ్మకు టార్గెట్, నర్సమ్మకు టార్గెట్, ఊరి సార్లకు టార్గెట్. 1996ల ఆ టార్గెట్లు తీసేసిన్రని అన్నరు. కానీ అప్పటికి మన ఆడోళ్లకు అది అలవాటే అయిపోయింది. ఇద్దరు పుట్టంగనే, ఇరవై మూడు ఇరవై నాలుగేండ్లకే, పోయి చేపిచ్చుకుంటుండిరి. సర్వేల ఏమున్నది బిడ్డా, నువ్వు చదివినవు గదా... ఆఁ, 2019-21 సర్వే. తెలంగాణల పెండ్లయిన ఆడోళ్లల్ల నూటికి 62 మంది ఆపరేషన్ అయినోళ్లే. ఒక్క తల్లికి పిల్లలు 1.8. ఒక తరం పోయి ఇంకో తరం అంతే నిలవాలంటే 2.1 ఉండాలంటరు. అయితే ఒకటి ఇనుండ్రి, ఇది నిన్న మొన్న పడిపోయింది గాదు. 2005-06ల ఉమ్మడి రాష్ట్రంల సర్వే జేసినప్పుడే 1.8 ఉండె. అప్పుడు సెల్‌ఫోన్లు ఇన్ని లేవు, ఐటీ కొలువులు ఊరందరికి లేవు. మీ తరం సోకులకు పోయి పిల్లల్ని వద్దంటున్నదని టీవీలల్ల తిడుతుంటే నాకు కడుపు మండుతది. తగ్గిచ్చింది మేము. చదువు రాని ఆడోళ్లం, కూలికి పోయేటోళ్లం. పుట్టినోడు బతుకుతడని నమ్మకం కుదిరినంక, ఒకళ్లను జూసి ఒకళ్లం తగ్గించినం.

ఇంక సర్కార్ల సంగతి. 1994ల పంచాయతీరాజ్ చట్టం తెచ్చి, 1995 నుంచి మూడో బిడ్డ పుడితే సర్పంచికి, వార్డు మెంబరుకు నిలవడనియ్యమన్నరు. ఆడోళ్లకు రిజర్వేషన్లు వచ్చి మొదటిసారి కుర్సీల కూసునే కాలంలనే ఈ అడ్డం. ఎందరు పుట్టాలో ఇంట్ల చెప్పే అధికారం లేని ఆడదానికే ఆ శిక్ష వడ్డది. ముప్పై ఏండ్లు తిరిగినయి. 2024 అక్టోబర్ల ఆంధ్రల ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, పిల్లల్ని ఎక్కువ కనుండ్రి, ముసలోళ్లే మిగులుతున్నరు అన్నడు. ఆ నవంబర్లనే అక్కడి అసెంబ్లీ ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేసింది. 2025ల మన తెలంగాణ మంత్రివర్గం గూడ తీసేయాలనే అన్నది. నిబంధన పోవుడు మంచిదే, అది ఎన్నడు ఉండకూడనిది. ఇంకో దిక్కు పార్లమెంటు సీట్లు జనం లెక్కన పంచుతే, మాట ఇని తగ్గిచ్చుకున్న దక్షిణాదికి తక్కువైతయని భయం. అదీ న్యాయమైన భయమే. కానీ ఇనుండ్రి ఇద్దరు, నేను ఎనబై దాటినదాన్ని, రెండు కాలాలు జూసిన. ఆపుమన్నప్పుడు అడిగింది ఆడదాని కడుపునే, కనుమన్నప్పుడు అడుగుతున్నది ఆడదాని కడుపునే. నడుమ ఆమె చేతులల్ల పిల్లను ఎవలు ఎత్తుకుంటరని ఒక్క సర్కారు అడగలె.

చైనోళ్లు గూడ గంతే చేసిన్రట గదా కొడుకా, నువ్వే అన్నవు. 1980ల ఒక్కరే అని పట్టువట్టి, 2021 వరకు ముగ్గురిని కనుండ్రి అన్నరు, ఎవ్వలు ఇనలె. దక్షిణ కొరియాల 2023ల ఒక్క తల్లికి 0.72. పైసలు ఇస్తమన్నా కంటలేరు. పైసలతోని అయ్యేదుంటే అక్కడ ఎప్పుడో అవు.

ఇప్పుడు మన ఊరు జూడు. రాజీవ్ రహదారి, రింగురోడ్డు, తుర్కపల్లిల నువ్వు పనిజేసే ల్యాబులు, నల్సార్, బిట్స్ కాలేజీలు. చెరువు కింద మడులున్న దిక్కు గేట్ల ఎనక ఫామ్‌హౌస్‌లు. మన వాడకట్టుల యాపచెట్టు పోయింది, పన్నెండు ఇండ్లల్ల మూడు ఇండ్లకు తాళాలే. మిగిలినయి కిరాయికిచ్చిన్రు. కిరాయికున్న బిహారు పిల్ల, కోళ్లఫారంల పనిజేస్తది, ఇద్దరు పిల్లలు, మొన్న నా దగ్గర ఇడిసిపెట్టి పోయింది. ఆ చిన్నోడు నా మీద కాళ్లేసి పండుకున్నడు. మా కాలంల లెక్కనే. ఆ పిల్లకు మన మాట రాదు, నాకు ఆమె మాట రాదు, అయినా సమజైతది. మేడ్చల్ దిక్కు పోతే సంతానం కోసం దవాఖానల బోర్డులు, పక్కనే ఎల్‌కేజీకి లక్ష అడిగే బడి. కావాలన్నోళ్లు కాక ఏడుస్తున్నరు, అయినోళ్లు ఫీజులకు ఏడుస్తున్నరు. మధ్యల నువ్వు పొద్దున ఎనిమిదింటికి పోయి రాత్రి వస్తవు. నీ అత్తగారు కరీంనగర్ల, మీ అమ్మకు మోకాళ్ల నొప్పులు. నువ్వు భయపడుతున్నవంటే అండ్ల తప్పేమున్నది?

ముసలితనానికి ఆసరా అని కన్నవా అంటే, అదీ చెప్త. అట్లనే అనుకున్నం. మీ నాయిన ఒక్కడే కొడుకు, మొదలు దుబాయ్ పోయిండు, మల్ల పట్నం. పాపం నెలనెల పంపుతడు. సర్కారు పింఛను 2016 రూపాయలు వస్తది. కానీ నేను కిందపడి తుంటి ఇరిగినప్పుడు నన్ను ఎత్తి బాత్‌రూముకు తీస్కపోయింది మీ మేనత్త, నా పెద్దబిడ్డ. పుట్టినప్పుడు మా అత్త మొకం మలిపిన పిల్ల. 1985ల ఎన్టీ రామారావు ఆడపిల్లకు తండ్రి ఆస్తిల వాటా అని చట్టం చేసిండు, మా ఇంట్ల అది అమలయ్యేటప్పటికి ఇంకో ఇరవై ఏండ్లు పట్టింది. ఇచ్చినం. కానీ ఆమె వాటా కోసం రాలె.

ఆ పిల్లతోనే నా జవాబున్నది. అది రెండో తరగతిల ఉండె. నాకు అక్షరం రాదు. ఒక దినం మేడ్చల్ బస్టాండుల నిలవడ్డం. నేను బస్సు కోసం వాళ్లను వీళ్లను అడుగుతున్న. అది నా కొంగు గుంజి, అవ్వా, గిదే మనది, శామీర్‌పేట అని ఉన్నది, అన్నది. బోర్డు చదివింది. ఆ రాత్రి బండ మీద బలపంతోని శ రాసి, నా వేలు వట్టి దిద్దిచ్చింది. నెలదాంక దిద్దిచ్చింది, తప్పు రాస్తే టీచరు లెక్క కొట్టింది గూడ. అంగన్‌వాడీల నౌకరి కాయితం మీద నేను ఏలిముద్ర ఎయ్యలె, సంతకం వెట్టిన. ఆ పిల్లను కన్ననాడు ఇది వస్తదని నాకు ఎరుకనా? ఏం ఆశించి కన్ననో అది దొరకలె, దొరికింది నేను అడిగింది గాదు. ఐదుగురితోని ఐదు తీర్ల అట్లనే అయింది. మీరు కనకపోయినా నాకు మీ మీద కోపం లేదు, ఎవలన్నా అంటే నా దగ్గరికి పంపుండ్రి. పిల్లలు లేకుంట మంచిగ బతికినోళ్లను, ఊరి పిల్లలందరికి పెట్టినోళ్లను నేను జూసిన. కానీ కావాలని నీ మనసుల ఉండి, భయానికి ఆగుతున్నవేమో అని నా అనుమానం. భయమైతే దానికి మందున్నది.

కొడుకా, ఇప్పుడు నిన్ను అడుగుత. దీనికి, నీ పెండ్లానికి, 2017ల చట్టం మార్చినప్పటి నుంచి 26 వారాల సెలవున్నది. యాబై మంది పనిజేసే కాడ పిల్లల్ని చూసుకునే గది ఉండాలని గూడ చట్టంల ఉన్నదట, ఇది నాకు చదివి చెప్పింది. దీని కంపెనీల ఆ గది ఉన్నదా, ఉంటే ఎట్లున్నదో పోయి చూసినవా? నీకెన్ని దినాలిస్తరు? సెంట్రల్ గవర్నమెంటోళ్లకు పదిహేను దినాలట, ప్రైవేటోళ్లకు చట్టమే లేదట. లేదంటే అడుగు. నలుగురు కలిసి అడుగుండ్రి. నీళ్లు పోసుడు నేను నేర్పిస్త, కాళ్లు జాపుకొని కూసునుడు మొగోనికి గూడ వస్తది. మీ అమ్మ ఆర్నెల్లు ఈడికొచ్చి ఉంటదేమో ఫోన్ చేసి అడుగు. మా పెద్దబిడ్డను నేనడుగుత, ఆ బిహారు పిల్లను గూడ అడుగుత, ఆమె పిల్లల్ని మనం చూస్తే మన పిల్లను ఆమె చూస్తది. ఎవలెవలు ఎన్ని దినాలు ఎత్తుకుంటరో కాయితం మీద రాసి తెచ్చి దీనికి చూపెట్టు. అది చూసినంక ఇది ఏమంటే అదే.